ఇయారా అంటే లక్ష్మి కాదు

మొన్న ఆదివారం పసిబిడ్డకు పేరు పెడదామని పోయి, నాకు పెట్టించుకొని వచ్చాను. నవ్వితే నవ్వండి, కాని చాయ్ గ్లాసు కింద పెట్టి నవ్వండి. జరిగింది తలుచుకుంటే నాకు మాత్రం సగం నవ్వే వస్తుంది. మిగతా సగం ఏమొస్తుందో చెప్పడానికి నా దగ్గరున్న నిఘంటువుల్లో మాట దొరకలేదు.

ముందు నా సంగతి. నా పేరు యాదమ్మ. తమ్ముడి పేరు యాదగిరి. మా పోచంపల్లి దిక్కు ఊళ్లల్లో అప్పట్లో పేర్ల కోసం ఎవరూ బుర్ర పాడుచేసుకోలేదు. గుట్ట మీద దేవుడున్నాడు, గుట్టకు ఒక పేరుంది. ఆడపిల్లయితే దాని చివర అమ్మ, మగపిల్లాడయితే గిరి. బడిలో పంతులు హాజరు తీస్తూ 'యాదమ్మా' అంటే సగం బెంచీ లేచి నిలబడేది. తమ్ముడు ఆఫీసు ఉద్యోగంలో చేరాక ముందు ముక్క కత్తిరించేసి ఉత్త గిరి అయ్యాడు. నేను కత్తిరించలేదు. దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో పోచంపల్లి డ్రెస్ మెటీరియల్ అమ్ముకునే ఆడమనిషికి యాదమ్మ అన్న పేరే ధీమాగా ఉంటుంది. బేరమాడేవాళ్లు రెండు మెట్ల కిందే ఆగుతారు.

నా బడి ఏడో తరగతిలో బందయింది. చదవడం మాత్రం బంద్ కాలేదు. మిర్చిబజ్జీ కట్టిచ్చిన కాగితం కూడా నూనె తుడిచి రెండు పక్కలా చదివిన మనిషిని. కోఠీలో పాత పుస్తకాలు అమ్మేవాళ్లకు నేను వస్తున్నానంటే భయం. దుకాణంలో గల్లాపెట్టె పక్కనే లావుపాటి నిఘంటువు ఉంటుంది. అట్ట ఊడిపోతే చీర అంచు ముక్క వేసి కుట్టాను. అందుకే మా చుట్టుపక్కల ఎవరింట్లో పిల్ల పుట్టినా నా దుకాణం మెట్లెక్కుతారు.

"యాదమ్మక్కా, హన్విక అంటే ఏంది?"

"ఫోన్ల ఏమున్నది?"

"లక్ష్మీదేవి అని ఉన్నది."

"తన్విక?"

"అదీ లక్ష్మీదేవే."

"రన్విక?"

"లక్ష్మీదేవే అక్కా."

మరి మన గల్లీలో ఇంతమంది లక్ష్మీదేవులు తిరుగుతుంటే ఒకటో తారీఖు రాగానే ఓనరు కిరాయి కోసం తలుపులెందుకు కొడుతున్నాడమ్మా, అని అడుగుతాను. మగపిల్లల పేర్లయితే అన్నింటికీ విష్ణుమూర్తి అని రాసి చేతులు కడుక్కుంటారు. రెండు అక్షరాలు తండ్రివి, ఒకటిన్నర తల్లివి, చివర్న ఒక ఈలపాట లాంటి చప్పుడు, అయిపోయింది పేరు. అర్థం లేని పేరు పెట్టడమంటే అడ్రసు రాయకుండా కవరు పోస్టు డబ్బాలో వెయ్యడమని నా సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని ఎంతమంది బాలింతల మొహం మీద చెప్పానో లెక్కలేదు.

అసలైన పేరు కనబడితే మాత్రం నా అంత మెత్తటి మనిషి ఉండదు. మిహిక అంటే మంచు అని నిఘంటువులో చూసిన రోజు చాలాసేపు గిరాకీని కూడా పట్టించుకోలేదు. ఎప్పటివాళ్లో, ఎక్కడివాళ్లో, ఏ తెల్లవారుజామునో చలికి వణుకుతూ బయటికొచ్చి చూసి ఆ మాట అన్నారు. ఇవాళ చైతన్యపురిలో ఒక పిల్ల ఆ మాటను స్కూలు బ్యాగు మీద రాసుకొని ఆటో ఎక్కుతుంది. మనుషులు పోతారు, ఇళ్లు పోతాయి, ఊళ్లకు ఊళ్లే పోతాయి, ఆ మాట మాత్రం చేతి నుంచి చేతికి అందుతూ ఇంత దూరం వచ్చింది. ఇది చిన్న సంగతా?

సరే, అసలు కథకొస్తాను.

మా గిరికి పెళ్లయిన చాలా ఏళ్లకు ఆడపిల్ల పుట్టింది. మరదలు పేరు శ్రావణి. వాళ్లు గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డవాళ్లు. కాన్పుకు ముందు పాపం శ్రావణి చాలా రోజులు ఆసుపత్రి మంచం మీదే ఉంది. ఒక రోజైతే హఠాత్తుగా స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోయారు. తల్లీ దక్కాలి, బిడ్డా దక్కాలి, అని మేమంతా నోట్లో నీళ్లు పోసుకోకుండా కూర్చున్నాం. ఇద్దరూ దక్కారు. కాబట్టి ఆ తొట్లె ఫంక్షన్, అదే ఉయ్యాల వేడుక అంటే మా రెండు ఇళ్లకూ మామూలు ఫంక్షన్ కాదు.

మా వైపు ఒక ఆచారముంది. బిడ్డను తొట్లెలో వేసే రోజు చెవిలో పేరు చెప్పే హక్కు మేనత్తది. అమ్మానాన్నలు ఏ పేరు అనుకున్నా ముందుగా మేనత్తకొక్కదానికే చెప్తారు. మిగతా లోకం వినకముందే ఆ పేరును మోయబోయే మనిషి వినాలి. మేనత్త నోట్లోంచి చెవిలో పడ్డదే పేరు. ఇక దానికి తిరుగులేదు. శ్రావణి వాళ్ల వైపు తండ్రి పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాస్తాడు. రెండూ చేద్దామనుకున్నారు. ముందు చెవి, తర్వాత బియ్యం.

ఫంక్షన్‌కు కొన్నాళ్ల ముందు గిరి ఆఫీసు నుంచి మీర్‌పేట్ ఇంటికి పోతూ నా దుకాణంలో ఆగాడు. స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

"అక్కా, పేరు చెప్పనా?"

"చెప్పు."

"ఇయారా."

చెప్పి నా మొహం వైపే చూస్తున్నాడు. పరీక్ష రిజల్ట్ కోసం చూసే పిల్లాడిలా చూస్తూనే ఉన్నాడు.

"ఏందది?"

"పేరక్కా. ఇయారా."

"పేరు లెక్క లేదురా. ఎవర్నో ఇటు రా అని పిలిచినట్టుంది. దాన్ని పిలిస్తే పక్కింటోళ్లు కూడా వస్తరు."

"జర మంచిగ ఆలోచించక్కా."

"ఆలోచించేటందుకు అండ్ల ఏమున్నది? సంస్కృతం కాదు, తెలుగు కాదు, ఉర్దూ కాదు. అర్థమేంది?"

"అర్థం నువ్వే చెప్పాలె. పేర్ల డాక్టరువి నువ్వే కద."

"ఎవరు ఏరిన్రు? శ్రావణా?"

"ఇద్దరం."

"అంటే శ్రావణే."

చాయ్ తాగి లేచాడు. మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగి, "నిజంగ ఏమనిపించలేదా?" అన్నాడు.

"అనిపించింది. మస్తు కోపమనిపించింది."

"ఏం లేదు తియ్," అని వెళ్లిపోయాడు. మెచ్చుకోలు కోసం వచ్చి దొరక్క పోయాడనుకున్నాను.

ఆ సాయంత్రం నుంచి నాకు ఒకటే పరేషాన్. నిఘంటువంతా తిరగేశాను. ఒక కస్టమర్ దుపట్టా చూపించమంటే లంగా బట్ట చూపించాను, ఆమె వద్దంటే ఇంకో లంగా బట్ట చూపించాను. నిఘంటువులో ఇయారా లేదు. ఫోన్‌లో వెతికాను. ఒకచోట లక్ష్మీదేవి అని ఉంది. ఊహించిందే. ఇంకోచోట చంద్రుడి కూతురు అని ఉంది, ఏ భాషలోనో చెప్పలేదు. మూడోచోట ధైర్యవంతురాలు అని రాసి, కింద అదృష్ట రంగు నీలం అని కూడా రాశారు. అర్థమే తెలియనివాడికి రంగు ఎట్లా తెలిసిందో.

ఇన్నేళ్లు ఎదురుచూసి కన్న బిడ్డ. చచ్చి బతికిన తల్లి. ఆ పిల్లకు ఇంటర్నెట్‌లో పుట్టిన అనాథ పేరు పెడతారా అని కడుపు మండిపోయింది. అప్పుడే తీర్మానించుకున్నాను. చెవిలో చెప్పేది నేను. నా నోటికి ఎవరు అడ్డం?

నేనే ఒక పేరు తయారుచేశాను. రెండు రోజులు గిరాకీ పక్కనబెట్టి తయారుచేశాను. తంతువు అంటే దారం. దారం గలది కాబట్టి తంతుమతి. నేతవాళ్లింటి బిడ్డకు ఇంతకన్నా సార్థకమైన పేరు ఏ పండితుడు ఇస్తాడు? మా ఆయనకు వినిపించాను. ఆయన అన్నం కలుపుతున్నవాడు ఆగి, "ఎవరికి?" అన్నాడు. బిడ్డకు అన్నాను. "ఏ బిడ్డకు?" అన్నాడు. ఆయనకు సాహిత్యం తెలియదు.

ఆదివారం కర్మన్‌ఘాట్ దగ్గర ఫంక్షన్ హాల్. నేను దిల్‌సుఖ్‌నగర్ నుంచి పట్టుచీర కట్టుకొని, మనసులో తంతుమతిని పెట్టుకొని ఆటోలో పోయాను. గుమ్మంలో బాటసింగారం మార్కెట్ నుంచి గిరి దింపించిన బత్తాయి పెట్టెలు. స్టేజీ మీద బెలూన్ల కమాను, మధ్యలో ఏవో అక్షరాల మీద గులాబీరంగు గుడ్డ కప్పి ఉంది. పేరు చెప్పాక గుడ్డ తీస్తారట. లోపలున్న అక్షరాలు ఏవో నాకు తెలుసు. పాపం డెకరేషన్ అబ్బాయి కష్టం వృథా అయిందనుకున్నాను.

శ్రావణి వాళ్లమ్మగారు ఎదురొచ్చారు. ఆమెను నేను అత్తయ్యగారూ అంటాను. మంచిగంధం రాస్తూ, "రండి రండి యాదమ్మగారూ, మీ కోసమే చూస్తున్నామండీ. ఇవాళ అందరికంటే పెద్ద మీరే," అని ఒక నవ్వు నవ్వారు. ఏదో తెలిసి దాచుకున్న నవ్వు. తాంబూలం అందిస్తూ ఇంకోసారి అదే నవ్వు. మా పేరే నెగ్గింది చూశావా అన్న నవ్వు అనుకున్నాను. ఆగండత్తయ్యగారూ, ఇంకాసేపట్లో ఎవరు నవ్వుతారో చూద్దాం అనుకున్నాను.

మా అమ్మ తొట్లె పక్కన కుర్చీలో కూర్చొని అందరినీ ఆజ్ఞాపిస్తుంది. "మేనత్త రావాలె. చెవుల చెప్పినంకనే బియ్యం పళ్లెం తియ్యాలె. ఎవరు ముట్టొద్దు."

నేను తొట్లె మీదికి వంగాను. ఇక్కడ ఒక మాట చెప్పాలి. అంత పోట్లాట మనసులో పెట్టుకొని వంగినదాన్ని, ఆ చెవి చూడగానే ఒక క్షణం అన్నీ మరిచిపోయాను. అప్పుడే విప్పిన మొగ్గ రేకులా ఉంది. అంచు మీద నూగు. ఇంతవరకు ఏ పేరూ పడని చెవి. రేపు బడిలో హాజరుకు, ఎండలో క్యూలో, ఎవరో ప్రేమగా, ఎవరో కోపంగా, జీవితాంతం పిలవబోయే పిలుపు మొట్టమొదట ఈ సందులోంచే లోపలికి పోవాలి. ఆ తలుపు దగ్గర నన్ను నిలబెట్టారు.

అయినా నోరు ఆగలేదు. కుడిచెవిలో చెప్పేశాను. తంతుమతి.

బిడ్డ మొహమంతా ముడుచుకుంది. అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

నేను చెప్పింది ఎవరికీ వినబడలేదు. గిరి సంబరంగా బియ్యంలో ఉంగరంతో ఇయారా అని రాశాడు. గుడ్డ లాగారు. థర్మాకోల్ అక్షరాలు మెరిశాయి. చప్పట్లు. గిరి మైకు తీసుకొని, "ఇప్పుడు ఈ పేరుకు అర్థం మా అక్క చెప్తది," అని నా చేతికిచ్చాడు. మళ్లీ అదే చూపు. శ్రావణి కూడా అదే చూపు. అత్తయ్యగారైతే చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకొని మరీ చూస్తున్నారు.

నాకు మైకు ఇవ్వడమంటే ఏంటో మీకు తెలుసు.

"ఈ పేరుకు అర్థం లేదు," అన్నాను. "అన్ని పేర్లకు లక్ష్మీదేవి అని రాస్తరు. ఇది లక్ష్మి కూడ కాదు. ఈ పేరు ఏ భాషల పుట్టలేదు. దీన్ని పుట్టించినోళ్లకు భాష రాదు, బుద్ధి లేదు. ఎవరో పని లేక కూసోని, చెవినపడ్డ చప్పుడు పట్టుకొని పేరని పిల్లల మీదికి వదిలిన్రు. ఆ మనిషి నాకు దొరకాలె. నిలబెట్టి అడుగుత. అందుకే నేను చెవుల వేరే పేరు చెప్పిన. తంతుమతి. అంటే దారం గలది."

వెనక వరసలో ఒకాయన పక్కవాణ్ణి అడిగాడు, "ఏం తంతండీ?"

మా అమ్మ కుర్చీలోంచి లేచింది. "నీ నోరు పాడుగాను, తంతు ఏందే? పసిగుడ్డుకు దినాల పేరు పెడుతవా?"

"తంతువు అమ్మా. దారం."

"దారమైతే దారమ్మ అని పెట్టు, మేం కూడ పిలుస్తం."

అత్తయ్యగారి నవ్వు ఎక్కడికో పోయింది. శ్రావణి తలదించుకుంది. బిడ్డ మీద కప్పిన గుడ్డను సర్దుతుంది, సర్దిన చోటే మళ్లీ మళ్లీ సర్దుతుంది. ఆమె కళ్లలోంచి ఒక చుక్క ఆ గుడ్డ మీద పడటం చూశాను. నా ఉపన్యాసం అప్పుడే సగం దిగిపోయింది.

"వదినా," అంది చిన్నగా, "అది మేం ఫోన్‌లో వెతికిన పేరు కాదు."

గిరి వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకొని ఆపేసి పక్కన పెట్టాడు. వాడికి కోపం లేదు. అందుకే నాకు భయమేసింది.

"అక్కా, నువ్వు నిలబెట్టి అడుగుతనన్న మనిషి ఈడనే ఉన్నది. అడుగు."

"ఎవర్రా?"

"నువ్వే."

నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"అమ్మను పట్నం దవాఖానల వేసింది యాదికున్నదా?"

"ఎందుకు లేదు. నన్ను బడి మాన్పించింది అప్పుడే కద."

"నాయిన పొద్దంత గుంతల కాళ్లు పెట్టుకొని మగ్గం మీద. నువ్వు రాట్నం మీద దారం కండెలు చుట్టేదానివి. నేను నీ వీపుకు అతుక్కొని కూసునేటోణ్ణి. రాట్నం తిరుగుతుంటే అరిచేది. అది అరిస్తే నాకు భయం, ఆగితే ఇంక భయం."

"ఆగితే నాయినకు కండెలు అందవు. తిడ్తడు."

"అందుకే నువ్వు ఆపకపోయేది. నేను ఏడుస్తుంటే ఏమన్నవ్? అది ఊకె అరుస్తలేదురా, పిలుస్తుంది అన్నవ్. మగ్గం గుంతల ఒక పిల్ల ఉన్నది, దాని పేరే రాట్నం పిలుస్తుంది. ఇ... యా... రా. ఇ... యా... రా. తెగిన దారాలన్ని ముడేసుకుంట కూసుంటది. ఆ పిల్ల గుంతల ఉన్నంతసేపు ఈ ఇంట్ల ఎవరికేం కాదు. అమ్మకు కూడ ఏం కాదు, అన్నవ్."

గిరి తొట్లె అంచు మీద చెయ్యి వేశాడు.

"నేను గుంతలకు తొంగి చూస్తే నాయిన కాళ్లే కనవడేవి. పిల్ల ఏది అంటే, కాళ్ల వెనక ఉన్నది, నిన్ను చూస్తే సిగ్గు దానికి, అనేదానివి. అమ్మ ఇంటికొచ్చిన రోజు నేను ముందు అమ్మ దగ్గరికి పోలే. గుంతలకు వంగి, వచ్చింది అని చెప్పిన."

"నాకు యాదికి లేదురా," అన్నాను. నిజంగా లేదు. మిహిక ఏ పేజీలో ఉందో చెప్తాను, ఇది గుర్తులేదు. నా పక్కనే ఉన్న మా ఆయన, "పేరు యాదమ్మే, యాది మాత్రం లేదు," అని గొణిగాడు. పెళ్లయ్యాక ఆయన చెప్పిన మంచి జోకు అదొక్కటే, అదీ నామీదే.

మా అమ్మ మెల్లగా కూర్చుంది. "ఆ రాట్నం గట్లనే అరిచేది," అంది. "ఎంత నూనె పెట్టినా అరిచేది. నేను దవాఖానల పండుకొని కూడ ఆ అరుపు కోసమే చెవి పెట్టేదాన్ని."

గిరి ఇంకా చెప్తున్నాడు. "మొన్న శ్రావణిని లోపలికి తీసుకపోయేటప్పుడు ఆ స్ట్రెచర్‌కు ఒక చక్రం ఖరాబున్నదక్కా. కారిడార్ పొడుగునా అరుసుకుంట పోయింది. ఇ... యా... రా. నేను గోడకు ఆనుకొని కూలబడ్డోణ్ణి లేచి నిలబడ్డ. నాకు తెలిసిపోయింది ఏం కాదని."

"మెలకువ వచ్చాక నాకు మొదట చెప్పింది ఆ కథే వదినా," అంది శ్రావణి. "అప్పుడే అనుకున్నాం. అర్థం మీరే చెప్తే బావుంటుందని మీకు చెప్పకుండా దాచాం. ఉండబట్టలేక అమ్మకొక్కదానికే చెప్పాను."

అదీ అత్తయ్యగారి నవ్వు సంగతి.

నేను మాట్లాడకుండా ఉండటం మా వాళ్లు ఎప్పుడూ చూడలేదు కాబట్టి కుర్చీ వేసి నీళ్లు తెచ్చిచ్చారు. గ్లాసు అందుకోబోతే కుడిచెయ్యి రావడం లేదు. చూసుకుంటే అది ఒడి పక్కన గాలిలో గుండ్రంగా తిరుగుతుంది. నేను తిప్పడం లేదు. అదే తిరుగుతుంది, రాట్నం పిడి పట్టుకున్నట్టు. తల మరిచిపోయింది గాని చెయ్యి మరవలేదు.

ఆ రాట్నం ఎప్పుడో పొయ్యిలోకి పోయింది. నాయిన పోయాక మగ్గం తీసేశాం, గుంత పూడ్చి బండలు పరిచాం. ఆ ఇంట్లో ఏదీ మిగల్లేదనుకున్నాను. ఏడ్చే తమ్ముణ్ణి ఊరుకోబెట్టడానికి బడి మానేసిన ఒక పిల్ల నోటికొచ్చింది అన్నది. అన్నది మరిచిపోయింది. ఆ మాట మాత్రం వాడి లోపల అన్నేళ్లు ఒక్క దారం తెగకుండా కూర్చొని, పిలవగానే లేచి వచ్చింది. వచ్చి ఇప్పుడు నా ముందు తొట్లెలో కాళ్లు ఆడిస్తుంది. నిఘంటువులో మాటలన్నీ ఎవరో మహా పండితులు పెట్టారనుకునేదాన్ని ఇన్నాళ్లూ. ఏమో. మిహిక అన్నది కూడా చలికి ఏడ్చే ఏ తమ్ముణ్ణి ఎత్తుకొని ఏ అక్క అన్న మాటో.

ఇంతలో అత్తయ్యగారు అసలు సంగతి గుర్తుచేశారు. "అయితే ఇప్పుడు పాప పేరు ఏదండీ?"

అందరూ మా అమ్మ వైపు చూశారు.

"చెవుల పడ్డది పడ్డట్టే," అంది అమ్మ.

"అమ్మా, నేను మళ్ల చెప్తనే."

"ఎట్ల చెప్తవ్? మేనత్త మాటకు తిరుగులేదు. మీ మేనత్త నీకు యాదమ్మ అన్నది, నేను మార్చిన్నా? నాకు ఇష్టముండెనా?"

"నీకు ఇష్టం లేకుండెనా?"

"ఇప్పుడది కాదు ముచ్చట."

శ్రావణి మొహం మళ్లీ చిన్నబోయింది. నేను మా అమ్మ కాళ్ల దగ్గర కింద కూర్చున్నాను. జీవితంలో ఎవరి దగ్గరా అట్లా కూర్చోలేదు. "ఏదన్న ఒక తొవ్వ చూపియ్యవే. ఆ బిడ్డ బతుకంత తంతుమతి అని మొయ్యాల్నా?"

"ఇప్పుడు తెలిసిందా బరువు," అంది. కొంగు సవరించుకుంది. "పెట్టిన పేరు గాలికి పోదు. ఎవరో ఒకరు మొయ్యాలె. ఇచ్చినోళ్లే వాపసు తీసుకుంటే బిడ్డ చెవి ఖాళీ అయితది."

"వాపసు అంటే?"

"నువ్వే పెట్టుకో."

ఈ ఆచారం ఏ పుస్తకంలో ఉందని అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. అమ్మే బిడ్డను ఎత్తి, ఆ చిన్ని నోటిని నా కుడిచెవికి ఆనించింది. ఫోటో అబ్బాయి దగ్గరికొచ్చి లైటు వేశాడు. బిడ్డ కొంచెం మూలిగి, వెచ్చగా నా చెవి నిండా పాలు కక్కింది.

"వాపసొచ్చింది," అంది అమ్మ.

అప్పుడు నవ్వారు చూడండి జనం. గుంటూరు, పోచంపల్లి తేడా లేకుండా నవ్వారు. శ్రావణి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. చెవి తుడుచుకోవడానికి నా పట్టుచీర కొంగు తప్ప ఏమీ లేదు.

మళ్లీ వంగాను. అదే చెవి, అదే నూగు. ఈసారి పేరు చదివినట్టు చెప్పడం నాకు రాలేదు. నోరు తనంతట తానే సాగదీసింది. ఇ... యా... రా. ఇ... యా... రా. గొంతులో ఎక్కడో కర్ర మీద కర్ర రాసుకున్నట్టు ఒక కిర్రు. బిడ్డ ఆడిస్తున్న కాళ్లు ఆపింది. కళ్లు తెరిచింది. నా వైపు చూడలేదు. కిందికి, నా కాళ్ల వెనక్కి చూసింది. పసిపిల్లలకు చూపు నిలవదని చదివాను. తెలుసు. అయినా నేనూ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను.

మైకు మళ్లీ నా చేతికిచ్చి అర్థం చెప్పమన్నారు. "ఈ పిల్ల ఉన్నంతసేపు ఎవరికేం కాదు," అన్నాను. నా జన్మలో అంత పొట్టి ఉపన్యాసం లేదు.

నిన్న దుకాణంలో ఒకామె మనవరాలి పేరు అడగడానికి వచ్చి కూర్చుంది. హన్విక. నేను మాట తూలలేదు. "ఎవరు పెట్టిన్రమ్మా? ఎప్పుడనుకున్నరు? జర కూసోని చెప్పు," అన్నాను. ఆమె భయపడి చుట్టూ చూసింది, నాకు ఒంట్లో బాగాలేదేమోనని.

అంతలో ఫోను మోగింది. చేతిలో బట్ట కత్తెర ఉందని స్పీకర్ పెట్టాను.

"హలో, తంతుమతిగారేనా అండీ?" అత్తయ్యగారి గొంతు, వెనక శ్రావణి నవ్వు. "రేపు పాపకు మొదటిసారి నూనె నలుగు పెడుతున్నాం. తంతుమతిగారు లేకుండా ఎట్లాగండీ, తప్పకుండా రావాలి."

వస్తానని పెట్టేశాను. ఎదురుగా కూర్చున్నామె కళ్లు పెద్దవి చేసింది.

"నీ పేరు తంతుమతా అక్కా? ఎంత మంచిగున్నది. అర్థమేంది?"

నిఘంటువు వైపు చూశాను. అది నా వైపు చూసింది.

"లక్ష్మీదేవి," అన్నాను.